చార్జింగ్ వంతులు

ఆ చార్జర్‌కి ప్రోగ్రాం రాసింది నేనే. తిట్టాలన్నా నన్ను నేనే తిట్టుకోవాలి.

అక్క గుండెకి తోడుగా ఛాతీలో ఒక పంపు పెట్టారు. బ్యాటరీ కూడా లోపలే. ఛాతీ మీద చార్జర్ తీగచుట్ట ఆనిస్తే, వైరు లేకుండానే కరెంటు లోపలికి వెళ్తుంది. ఉయ్యాల ఊపడం లాంటిదే ఇదీ, సరైన అదనులో తోస్తేనే ఊగుతుంది. సెకనుకి లక్షసార్లు ఆ అదను వెతికి పట్టుకోవడం నా ప్రోగ్రాం పని.

నాన్నకీ అలాంటి పంపే ఉండేది. ఇంట్లో చార్జర్ ఒక్కటే. ముందు వంతు నాదంటే నాదని ఇద్దరూ చిన్నపిల్లల్లా కొట్టుకునేవారు. పోయిన ఎండాకాలం నాన్న పోయారు. పంపూ ఆయనతోపాటే మట్టిలోకి వెళ్లింది.

ఆ సాయంత్రం వాన దంచుతోంది. అక్క బ్యాటరీ అడుగంటింది. ఆస్పత్రికి ఫోన్ చేస్తే, రోడ్డు మునిగింది, బండి ఆలస్యమవుతుందన్నారు. చార్జర్ పెట్టాను. కరెంటు నిండుగా వెళ్తోందని తెర చెబుతోంది. అక్క బ్యాటరీ అంకె మాత్రం కదలదు. తీగచుట్ట మార్చాను. ప్రోగ్రాం మళ్లీ ఎక్కించాను. తల ప్రాణం తోకకొచ్చింది. ఇంత కరెంటూ ఎక్కడికి పోతున్నట్టు?

గ్రాఫ్ తెరిచి చూశాను. ఒక పంపుంటే ఒకటే శిఖరం రావాలి. రెండున్నాయి. నా ప్రోగ్రాం పెద్దదాన్నే పట్టుకుని వేలాడుతోంది. విడిపిస్తే మళ్లీ దాని దగ్గరికే పోతోంది, మొండిది. తీగచుట్ట అక్క మీంచి ఎత్తాను. చిన్న శిఖరం మాయమైంది.

పెద్దది... ఇంకా పెరిగింది.

కిటికీలన్నీ మూసే ఉన్నాయి. గదిలో తడిమట్టి వాసన.

అక్క పెదాలు నల్లబడుతున్నాయి. నాకు భయం కన్నా ముందు ఒళ్లుమండింది. తీగచుట్ట మళ్లీ ఆమె ఛాతీ మీద పెట్టి, పళ్లు బిగబట్టి గొణిగాను.

"నాన్నా, నీ వంతు ఎప్పుడో అయిపోయింది. అక్కని పెట్టుకోనీ."

పెద్ద శిఖరం పడిపోయింది. అక్క అంకె కదిలింది. ఒకటి... రెండు... ఏడుపొచ్చేసింది నాకు. ప్రోగ్రాం మళ్లీ అటు జారకుండా చూసుకుందామని కీబోర్డు మీద చేతులుంచి కూర్చున్నాను.

అక్క కళ్లు తెరవకుండానే గుసగుసలాడింది.

"చిట్టీ... నా ఛాతీ మీద ఆ చెయ్యి తియ్యమనవే. చల్లగా ఉంది."

"ఎవరి చెయ్యి?"

"నీ వంతు అయిపోయిందమ్మా అంటున్నారు నాన్న..."

తెర మీద అంకె ఆగింది. తర్వాత దిగడం మొదలుపెట్టింది.