ఎండ చూడని మ్యాటు

బండక్క పికప్పు పోయింది.

షెడ్డు తాళం విరిగి పడి ఉంది. లోపల నేల మీద నూనె మరక ఒక్కటే మిగిలింది.

నెల తిరిగాక, పాత బండ్ల పోటీ జరిగే మైదానంలో, ఉదయం పది గంటలకి బండక్క దాన్ని చూసింది. ఆకుపచ్చ బండి కాస్తా నీలం అయింది. నంబరు మారింది. మొదటి బహుమతి రిబ్బను కట్టించుకుని పెళ్ళికొడుకులా నిలబడి ఉంది.

బండక్క ఏం చేసిందంటారా? వెళ్ళి ముందు చక్రానికి అడ్డంగా చతికిలబడింది.

పోలీసు ఇన్‌స్పెక్టరమ్మ వచ్చేసరికి చుట్టూ జనం.

"లేవమ్మా."

"లేవను. నా బండి నాకిస్తే లేస్తా. లేదా నా మీంచి తోలుకుపొమ్మనండి."

"దీనికి మతి పోయింది మేడమ్!" బండిని పోటీకి తెచ్చిన కంట్రాక్టరు కాగితాలు చాచాడు. "ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, అన్నీ చూసుకోండి."

ఇన్‌స్పెక్టరమ్మ చూసింది. అన్నీ సరిపోయాయి.

"మా నాన్న బండి ఇది. దీంతోనే మూటలు మోసి నన్ను పెంచాడు. ఇప్పుడు దీంతోనే నా పిల్లల్ని నేను పెంచుతున్నా," అంది బండక్క.

"ఆనవాలు ఉందా?"

"హెడ్‌లైటు వెలుగు దించే స్విచ్ ఈ బండ్లకి కిందే ఉంటుంది, క్లచ్‌కి ఎడమ పక్క. కాలితో నొక్కాలి. మా నాన్నకి ఎడమ మోకాలు పక్కకి తిరిగేది కాదు. అందుకని దాన్ని పీకి, క్లచ్‌కీ బ్రేకుకీ నడుమ కంత చేసి పెట్టుకున్నాడు."

కంట్రాక్టరు నవ్వి తలుపు బార్లా తీశాడు. స్విచ్ ఎడమ పక్కనే ఉంది. నేలంతా మందపాటి నల్ల రబ్బరు మ్యాటు.

"అది ఎత్తి చూడండి! కింద కంత ఉంటుంది."

"ఎత్తనివ్వను. పాత రబ్బరు, చిరిగిపోతుంది. కోర్టు ఆర్డర్ తెచ్చుకోండి."

ఇన్‌స్పెక్టరమ్మ లోపలికి వంగింది. మ్యాటు మీద నిలువునా ఒక గీత. అడ్డంగా రెండు. వాటిని వేలితో తడిమింది.

"ఈ మ్యాటు ఎప్పుడు వేశారు?"

"మా నాన్న వేయించాడు. పాతికేళ్ళ పైమాటే."

"మళ్ళీ కదిల్చారా?"

"ఒక్కసారి కూడా లేదు."

"బండి ఎక్కడ పెట్టేవారు?"

"ఆరుబయటే. ఎండకి ఎండింది, వానకి తడిసింది. ఇనుమండీ!"

"అయితే టెంటు కిందెందుకు? ఎండలోకి తీయించండి. ఫొటోలు కావాలి."

కంట్రాక్టరు పక్కనున్న మెకానిక్ అడ్డొచ్చాడు. "ఎండకి రంగు పాడవుతుందేమోనండీ..."

"ఇనుమన్నారుగా." బండక్క వైపు తిరిగింది. "లే తల్లీ. నన్ను నమ్ము."

"నమ్మీ నమ్మీ ఇలా అయ్యాను," అంటూనే లేచింది. బానెట్ మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఫొటోలు అయ్యాయి. టీ అయింది. రెండో టీ కూడా అయింది. నడినెత్తిన ఎండ. అప్పుడు తీసింది ఇన్‌స్పెక్టరమ్మ తలుపు.

"అందరూ చూడండి."

గీతలు మాయం. పనంతా ముగించుకుని నడుం వాల్చిన మనిషిలా మ్యాటు నేలకి కరుచుకుంది. క్లచ్‌కీ బ్రేకుకీ నడుమ, సీసా మూతంత గుంట. బొటనవేలు పెట్టి నొక్కితే లోపలికి దిగింది.

"రబ్బరు మ్యాటు డబ్బాలో మడతలు పెట్టి వస్తుంది," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "వేసే ముందు ఎండలో పరిస్తే ఆ మడతలు పోతాయి. పొద్దున దీని మీద మడతలున్నాయి. గంటన్నర ఎండకే పోయాయి. మరి పాతికేళ్ళ ఎండకి ఎందుకు పోలేదు కంట్రాక్టరు గారూ?"

"ఈ మెకానిక్ వెధవ ఏం వేశాడో నాకేం తెలుసు!"

"నేనా?" మెకానిక్ భగ్గుమన్నాడు. "ఒక్క పూట ఎండలో పరుద్దాం బాబూ అని మొత్తుకున్నానా లేదా? రేపే పోటీ, అలాగే వేసెయ్ అన్నది మీరు కాదూ?"

ఇంకేం కావాలి! సీటు విప్పారు, మ్యాటు ఎత్తారు. కంత మీద టేపు అంటించి ఉంది. తన దగ్గర తుక్కుగా పడున్న అలాంటి బండి ఇంజనూ, ఛాసిస్ నంబరు రేకూ, నంబరు ప్లేటూ దీనికి ఎక్కించానని కంట్రాక్టరు ఒప్పుకున్నాడు.

కోర్టు ఆర్డరుతో బండి అప్పగిస్తూ ఇన్‌స్పెక్టరమ్మ అంది, "మ్యాటు ఎవిడెన్స్. కేసయ్యాక పంపిస్తాను."

"దొంగ తొడిగిన చొక్కా నా బండికెందుకు? మీరే ఉంచుకోండి."

ఉత్త ఇనుము మీదే కాళ్ళు పెట్టి బయల్దేరింది బండక్క. క్లచ్‌కీ బ్రేకుకీ నడుమ కంతలోంచి రోడ్డు పరుగెడుతూ కనబడింది. దుమ్ము లేచి కళ్ళలో పడుతున్నా, ఆ కంతని ఆమె మూయలేదు.