మరక మీద బంతిపువ్వు

"ఎవ్వరూ ముట్టకుర్రి! రంగు ఇంకా పచ్చిగనే ఉంది" అని ప్రవళిక గట్టిగా అరిచింది.

ఆమె ఇంటి వరండా నిండా గ్రీటింగ్ కార్డులే. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సుల్లేవు, బడికి తాళం పడింది. ఊర్మిల టీచర్ కూడా మిగతా టీచర్లతో కలిసి సిరిసిల్లలో రోడ్డు పక్కన దీక్ష టెంటులో కూర్చుంటోంది. దసరాకు ఆమెకు తలా ఒక కార్డు ఇవ్వాలని ఆరో తరగతి పిల్లలు అనుకున్నారు.

ప్రవళిక బొమ్మలు బాగా వేస్తుంది. అందుకే అందరికీ ఆమే లీడర్. గణేశ్ మరమగ్గం వేశాడు. సతీశ్ 'జై తెలంగాణ' రాశాడు. చోటు చాలక చివరి అక్షరాలు చీమలంత అయిపోయాయి. అందరూ నవ్వారు.

సాయంత్రం పిల్లలంతా వెళ్లిపోయాక ప్రవళిక కార్డులు ఒక్కొక్కటిగా చూసింది. స్వరూప కార్డు దగ్గర ఆగిపోయింది. ఒక మూల చిన్న బతుకమ్మ ఉంది. నడిమధ్యలో పెద్ద నల్లటి మరక!

"ఇట్లిస్తె టీచర్ ఏమనుకుంటది?" అని గొణుక్కుంది.

నలుపు ఎండేదాకా ఆగి, దాని మీద పసుపు రంగు రెండుసార్లు పూసింది. అంచులకు నారింజ రంగు అద్దింది. మరక ఉన్నచోట పెద్ద బంతిపువ్వు విచ్చుకుంది. తన పనితనం చూసి తనకే ముచ్చటేసింది.

మర్నాడు పొద్దున పిల్లలంతా టెంటుకు వెళ్లారు. ఊర్మిల టీచర్ ఒక్కో కార్డూ చదివి, నవ్వి, టెంటు తాడుకు పిన్ను పెట్టి వేలాడదీసింది. స్వరూప కార్డు తీసింది.

"అబ్బ, ఎంత మంచి పువ్వు! స్వరూపా, నువ్వే వేసినవా?"

స్వరూప దగ్గరికొచ్చి చూసింది. కార్డు తిప్పి వెనక ఉన్న తన పేరు చదివింది. మళ్లీ బొమ్మ వైపు చూసింది.

"పేరు నాదే టీచర్. బొమ్మ నాది గాదు."

"మరి నువ్వేం వేసినవ్?"

"గొడుగు. వానల నాకు జరమొచ్చిననాడు మీ గొడుగు పట్టి ఇంటిదాక తోల్కపోయిండ్రు గదా. మీరు తడిసిండ్రు, నేను తడువలేదు. గా గొడుగు."

అది మరక కాదని, గొడుగని ప్రవళికకు అప్పుడు తెలిసింది. పువ్వు వేసింది తనేనని ఎవరికీ తెలియదు. ఊరుకుంటే సరిపోతుంది. కానీ స్వరూప కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"నేనే టీచర్" అంది చివరికి. "మరక అనుకున్న. మంచిగ జేద్దామని పువ్వేసిన."

"స్వరూపను అడిగినవా?"

ప్రవళిక తల అడ్డంగా ఊపింది.

టీచర్ తిట్టలేదు. ఆ కార్డును తాడుకు వేలాడదీయకుండా స్వరూప చేతికిచ్చింది. "పండుగకు ఇంకా రెండు రోజులున్నయి" అని మాత్రం అంది.

ఆ మధ్యాహ్నమే ప్రవళిక కొత్త చార్టు ముక్క, రంగుల డబ్బా పట్టుకొని స్వరూప ఇంటికి వెళ్లింది. స్వరూప గడపలో కూర్చొని ఉంది. ఆమెను చూసి ముఖం తిప్పుకుంది.

"తప్పయింది. మళ్ల వేస్తవా? నేను ముట్ట. నీళ్లు మార్సుడే నా పని."

స్వరూప చార్టు ముక్క అందుకొని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది.

గొడుగు నల్లగా, పెద్దగా వచ్చింది. దాని కింద టీచరు, చిన్న పిల్ల. కానీ గొడుగు కర్ర వంకర పోయింది. సరిచేద్దామని ప్రవళిక వేళ్లు ఒకటే తహతహలాడాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని కూర్చుంది.

"వాన ఎట్ల వెయ్యాలె?" అని స్వరూప అడిగింది.

గీతలు గీయమని చెప్పబోయి ప్రవళిక ఆగింది. "నువ్వు జూసిన వాన ఎట్లుండె?"

స్వరూప కుంచెను నీలంలో ముంచి ఒక్కసారి విదిలించింది. కార్డు మీద వాన పడింది. ప్రవళిక ముక్కు మీద కూడా పడింది. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

పండుగ ముందురోజు ఆ కార్డు టెంటు ముందు తాడుకు ఎక్కింది. దీక్షకు మద్దతుగా ముస్తాబాద్ నుంచి ఆటోలో కొందరు ఆడవాళ్లు వచ్చారు. వాళ్లలో శంకరవ్వ అనే ముసలమ్మ కార్డు ముందు నిలబడిపోయింది.

"వాన నిజంగ కొట్టినట్టే ఉన్నది. ఎవలేసిండ్రు బిడ్డా గిది?"

బొమ్మలంటే ప్రవళికే కదా! గణేశ్ అలవాటుగా ఆమె వైపు వేలు చూపించాడు.

ప్రవళిక గబగబా వెళ్లి, వెనక నిలబడిన స్వరూపను భుజాలు పట్టుకొని ముందుకు తెచ్చింది.

"మా స్వరూప ఏసింది అవ్వా!" అంది టెంటంతా వినబడేలా. "గొడుగు, వాన, అంత తనే ఏసింది!"