ఆష్‌మిర్ ప్రభువు ఎవరు?

"ప్రమాణం చేసి ఒక్క మాట చెప్పండి, అమ్మగారూ. హ్యూగో బాబు మీ పెళ్ళయ్యాక పుట్టినవాడే కదా?"

లాయరు టారంట్ మామూలుగానే అడిగాడు. భర్త లార్డ్ ఆష్‌మిర్‌ను నిన్ననే సమాధి చేసి వచ్చింది హెస్టర్. కొడుకులిద్దరూ పక్కనే కూర్చున్నారు. లార్డ్ బిరుదు పెద్ద కొడుకు హ్యూగోకి రావాలంటే ఆమె ఈ ప్రమాణం చేయాలి. అవునంటే చాలు... భర్త బతికినంత కాలం ఆమెను కోరింది ఆ ఒక్క అబద్ధమే!

"కాదు," అంది. "పెళ్ళినాటికి వాడు ఒళ్ళో బిడ్డ."

ఆయన మొదటి భార్య విడాకులు ఆలస్యం చేసింది. దాంతో ఆయనా హెస్టరూ ఇటలీలో ఉండిపోయి, పెళ్ళి చేసుకుని, బిడ్డతో తిరిగొచ్చారు. తేదీలు ఎవరూ అడగలేదు. పెళ్ళితో అన్నీ సర్దుకుంటాయనుకున్నాడాయన. బిరుదు విషయంలో చట్టం ఒప్పుకోదని తర్వాతెప్పుడో తెలిసింది. పొలాలూ బంగళా హ్యూగోకే రాశాడు. బిరుదు రాసిచ్చే వస్తువు కాదు. అది పెళ్ళయ్యాక పుట్టిన చిన్న కొడుకు క్రిస్పిన్‌ది.

లీడ్స్ పట్నంలో బస్సు నడిపే క్రిస్పిన్ తనకొద్దని, అన్నయ్యకే ఇచ్చెయ్యమని మొత్తుకున్నాడు. వదులుకున్నా అన్నకు రాదనీ, తమ్ముడి తర్వాత తమ్ముడి కొడుకుదేననీ చెప్పాడు టారంట్.

హ్యూగో లేచి గుర్రాలశాలకు వెళ్ళిపోయాడు. చిన్నప్పటి నుంచీ ఊరంతా చిన్న ప్రభువని పిలిచినవాడు! హెస్టర్ వెనకే వెళ్ళింది.

"నాన్నకు తెలుసా?"

"తెలుసు."

"నువ్వు అవునని ఉంటే ఎవరికీ తెలిసేది కాదమ్మా."

"నిన్ను పోగొట్టుకుంటానని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను నాన్నా... కానీ దేవుడి మీద ఒట్టేసి, తమ్ముడిది తీసి నీకెలా ఇవ్వను?"

అతను గుర్రమెక్కి వెళ్ళిపోయాడు. ఆ వారమంతా తల్లితో మాట్లాడలేదు. కొడుకు చేజారిపోయాడనే అనుకుంది హెస్టర్.

ఆదివారం చర్చిలో ప్రభువు ముందు నడిచి, తన బల్ల మీద కూర్చున్నాకే ఊరు కూర్చుంటుంది. గుమ్మం దగ్గర తల్లీ క్రిస్పినూ నిలబడ్డారు. హ్యూగో వస్తాడో రాడో... వచ్చాడు. అలవాటు కొద్దీ జనం అతనికే దారిచ్చారు. క్రిస్పిన్ కూడా అన్న వీపు మీద చెయ్యివేసి ముందుకు తోశాడు.

హ్యూగో పక్కకు జరిగాడు.

"పదండి, లార్డ్ ఆష్‌మిర్. మీరు కూర్చుంటే గానీ వీళ్ళు కూర్చోరు. ముసలాళ్ళ మోకాళ్ళు పోతున్నాయి."

చెవులదాకా ఎర్రబడి క్రిస్పిన్ లోపలికి నడిచాడు. తల్లి గుమ్మం దగ్గరే ఉండిపోయింది. హ్యూగో ఆమె చెయ్యి తీసుకుని తన మోచేతిలో పెట్టుకున్నాడు.

"మనం వెనక నడుద్దాం, అమ్మా," అన్నాడు.