మందు అందని కాలు

నారాయణపేటలో ఆ సాయంత్రం సన్నగా వాన పడుతోంది. ముందుగదిలో పెద్దులు మగ్గం నేస్తున్నాడు. వెనకగదిలో అతని భార్య కౌసల్య, కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని పడుకుంది. బస్సు దిగుతూ జారిపడి మోకాలిచిప్ప పగిలితే హైదరాబాదులో ఆపరేషన్ చేశారు. కొత్తగా వచ్చిందని ఒక మందుబుడ్డి తగిలించి ఇంటికి పంపారు. అందులోని రబ్బరు బుడగలోంచి సన్నటి పైపు గుండా తొడలోకి చుక్కచుక్కగా మందు దిగుతుంది. కాలు మొద్దుబారి ఉంటుంది. పైపుకున్న క్లిప్పు మూస్తే నొప్పి లేస్తుందని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

పొద్దున్నుంచి ఆ క్లిప్పు రెండుసార్లు మూసుకుంది.

"నువ్వేనా మూసింది?" కౌసల్య మొగుణ్ణి నిలదీసింది.

"నాకేం పని?" అన్నాడు పెద్దులు, ఆమె కాలు వైపు చూడకుండానే.

అన్నం తెచ్చిన పక్కింటి అమృతమ్మ ఆ మాట విని గుమ్మంలోనే ఆగిపోయింది. దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"గీ గదిలెందుకు పన్నవ్ బిడ్డా? బాలనర్సమ్మ గీన్నే పోయింది."

బాలనర్సమ్మ పెద్దులు మొదటి భార్య.

"జరమొచ్చి పోయిందన్నడు గదా?"

"జరం గాదు. కాలు పుండు వడ్డది. దవాఖానకు తోల్కపొమ్మని మొత్తుకుంటుంటే, నాటకాలని తలుపుకు గొళ్ళెం పెట్టి మగ్గం మీద కూసున్నడు నీ మొగడు."

కౌసల్య ఒళ్ళు మండిపోయింది. అమృతమ్మ వెళ్ళగానే "పెద్దులూ!" అని పేరు పెట్టి అరిచింది. మగ్గం చప్పుడు ఇంకా పెరిగింది.

అంతలో కరెంటు పోయింది. పెద్దులు తన గదిలో లాంతరు వెలిగించుకున్నాడు. మగ్గం మళ్ళీ మొదలైంది. ఈ గదికి దీపం తేలేదు.

తడి గోడల వాసన... దాని వెనకే చీము వాసన.

క్లిప్పు టక్కుమంది.

తడుముకుంది. మూసి ఉంది. గిచ్చినా తెలియని ఆ కాలి మీద... చల్లటి వేళ్ళు తెలిశాయి. పాదం నుంచి పైకి... ఒక్కొక్కటే...

"నాకియ్యలే..." చెవి పక్కనే గుసగుస. "నాకు మందియ్యలే..."

కౌసల్యకు భయం కన్నా కోపమే ముందొచ్చింది.

"నన్నెందుకు పట్టుకుంటవ్ అక్కా?" పళ్ళు కొరుకుతూ అంది. "ఇయ్యనోడు ఆడ కూసున్నడు. పో. వాన్నే అడుగు."

వేళ్ళు ఆగాయి... వదిలేశాయి.

మగ్గం చప్పుడు ఆగింది.

కౌసల్య నొప్పి కోసం పళ్ళు బిగపట్టి చూసింది. క్లిప్పు మూసే ఉంది. నొప్పి రాలేదు.

అప్పుడు ముందుగదిలోంచి కేక లేచింది.

"కాలు... నా కాలు... తలుపు తియ్యి..."

తలుపు బార్లా తెరిచే ఉంది. లాంతరు వెలుగులో పెద్దులు ఒక్కడే, మోకాలు పట్టుకుని నేల మీద దొర్లుతున్నాడు.

అతని నోట్లోంచి వస్తున్నది ఆడగొంతు.