బోల్టు బిగించింది నేనే

ఈ కథ మొదట చెప్పినవాడు మా బావమరిది. వీధి వీధంతా వాడి నోటినుంచే విన్నది. నరం లేని నాలుక, పైగా వినేవాళ్ళు టీ పోయిస్తారు. షెడ్డులో నేను భయపడి కేకలు పెడితే తను రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాడట. నా అక్షరాలు వంకర, కాదనను. మాట వంకర కాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా తమ్ముడికి దూర ప్రయాణాల మోటారు సైకిలు ఒకటి ఉండేది. ముందు ఎత్తయిన అద్దం, వెనక రెండు పక్కలా పెట్టెలు. వాడు బయల్దేరే ప్రతిసారీ ఇంజను ఆయిలు ఇంటి పక్క షెడ్డులో నేనే మార్చేవాణ్ణి. ఇంకొకడి చెయ్యి పడనిచ్చేవాణ్ణి కాదు. ఆఖరిసారి వెళ్ళినప్పుడు కొండ మలుపులో జారి లోయలో పడ్డాడు. బండి రోడ్డు మీదే ఉండిపోయింది, దానికి నాలుగు గీతలు తప్ప ఏం కాలేదు. వెనక టైరుకి నూనె ఉందని ఎవరో అన్నారు. అంతే. మా బావమరిది బోడిగుండుకీ మోకాలికీ ముడేశాడు. ఇంజను అడుగున ఆయిలు దింపే బోల్టు ఉంటుంది కదా, దాన్ని బావ సరిగా బిగించలేదు, ఆయిలు కారి టైరు జారింది అన్నాడు. ఆ మాట మా తమ్ముడి భార్య చెవిన పడింది. మా మరదలు మేడ మీద వాటాలోనే ఉంటుంది. అప్పట్నుంచి నేను మెట్లెక్కితే తలుపు వేసేస్తుంది.

ఆ బండి అమ్మేస్తానంది. కొనేవాడు మర్నాడు వస్తానన్నాడు. ఇన్నాళ్ళు కదలని బండి, ఆయిలు మార్చే ఇవ్వాలి. మంచిదే అనుకుని బావమరిదినే సాక్ష్యానికి పిలిచాను. బండి ఇంటికొచ్చాక ఎవరూ ముట్టుకోలేదు, షెడ్డు తాళం నా జేబులోనే ఉంది. బోల్టు వదులుగా ఉంటే నేను మెట్లెక్కి ఆమె తలుపు ముందు తప్పొప్పుకోవాలి. బిగువుగా ఉంటే వాడు ఎక్కాలి. సరేనన్నాడు.

సాయంత్రం. రేకుల మీద వాన. కరెంటు పోయింది, వాడి చేతికి టార్చి ఇచ్చాను. షెడ్డులో తడి గోనెల వాసన, పాత పెట్రోలు వాసన. మామూలుగా ఇంజను కాసేపు తిప్పి, ఆయిలు వెచ్చబడ్డాక దింపాలి. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. చల్లగానే దింపుదామని కింద రేకు పళ్ళెం పెట్టి పడుకున్నాను.

స్పానరు వేస్తే బోల్టు కదల్లేదు. స్పానరు పిడికి గొట్టం తొడిగి ఒళ్ళంతా మోపితే అప్పుడు కిర్రుమంది.

చూశావా అన్నాను.

"చూశా బావా," అన్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి.

ఆయిలు పాకంలా జారింది. పళ్ళెం నిండింది. చుక్క కారలేదని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి? ఆ సంతోషంలోనో ఏమో, వేళ్ళలోంచి బోల్టు జారి పళ్ళెంలో పడింది. ఆయిలు మార్చే ప్రతివాడికీ జరిగేదే. తీద్దామని చెయ్యి పెట్టాను.

పళ్ళెం నాలుగు వేళ్ళ లోతు.

మణికట్టు మునిగింది. అడుగు తగల్లేదు... మోచెయ్యి దాకా వెళ్ళింది. అడుగు లేదు. చల్లగా, చిక్కగా, నల్లగా... అప్పుడు వేళ్ళు తగిలాయి. వెచ్చటి వేళ్ళు. నా అరచేతిని పట్టుకున్నాయి.

"బావా... చెయ్యి తియ్యి."

"తియ్యను."

ఎందుకు తియ్యాలి? ఆ చిటికెన వేలు నాకు తెలుసు. చిన్నప్పుడు తలుపు సందులో నలిగి వంకరపోయిన వేలు. ఎత్తుకుని తిరిగినవాణ్ణి, నాకు తెలీదా.

"ఒరేయ్," అన్నాను. "బిగించానా, లేదా? చెప్పి వదులు."

పట్టు బిగిసింది. లాగింది. నా చెంప సైలెన్సరుకి ఆనింది. తిరగని ఇంజనుకి కాలిన వాసన... బండికి అవతలి పక్క, నేల మీద, నాకు ఎదురుగా ఎవరో పడుకుని ఊపిరి తీస్తున్నారు.

"అన్నయ్యా..."

"అడిగినదానికి చెప్పు."

టార్చి కిందపడింది. తలుపు దడాలుమంది. పారిపోయినవాడెవడో వాడి ఎడమ కాలి చెప్పు చెబుతుంది. ఇంకా షెడ్డులోనే ఉంది, కావాలంటే వచ్చి తీసుకోమనండి.

చీకట్లో ఆ వేళ్ళు నా చేతిలో ఏదో పెట్టాయి. వదిలాయి. చెయ్యి లాక్కుని టార్చి వెతికి చూశాను. బోల్టు. ఇప్పుడే కొండెక్కి దిగిన బండిలోంచి తీసినట్టు చురుక్కుమంటోంది. మరలన్నీ అరిగిపోయాయి. పళ్ళెంలోకి వెలుగు వేశాను. నాలుగు వేళ్ళ ఆయిలు. తడిమితే అడుగున ఇంకో బోల్టు, మరలు చెక్కుచెదరకుండా.

ఇంజనుకి బోల్టు కన్నం ఉన్నది ఒక్కటే.

పని సగంలో వదిలే అలవాటు నాకు లేదు. మంచి బోల్టు తుడిచి, కొత్త వాషరు వేసి, ఎప్పుడూ బిగించినంతే బిగించాను. ఫిల్టరు మార్చాను. గరాటు పెట్టి కొత్త ఆయిలు పోశాను. తాళం వేసుకుని, అరిగిన బోల్టు పట్టుకుని నడిచే వచ్చాను. పరిగెత్తలేదు.

పొద్దున్నే బావమరిది నలుగురిని వెంటేసుకొచ్చి, నేను అరుగు మీద పెట్టిన ఆ అరిగిన బోల్టు పట్టుకుపోయి, బావ బిగించింది ఇదేనని అందరికీ చూపిస్తున్నాడు. గొట్టం తొడిగితే గానీ కదలని బోల్టుని తన కళ్ళతో చూశాడు కదా, ఆ సంగతి మాత్రం చెప్పడు.

తర్వాత కొనేవాడు వచ్చాడు. బోల్టు చూసుకోమని స్పానరు ఇచ్చాను. కదల్లేదు. గొట్టం తొడిగాం. ఇద్దరం కలిసి తొక్కాం. గొట్టం వంగింది, బోల్టు కదల్లేదు. నేనంత బిగించలేదు. ఈ వయసులో నా చేతులకి అంత బలం లేదు. అతను బండి వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

ఇది చదివినవాళ్ళెవరైనా మా మరదలి తలుపు కొట్టి ఒక్క మాట చెప్పండి. వాడు బయల్దేరేముందు బోల్టు బిగించింది నేనే, గట్టిగా బిగించాను. మరి షెడ్డులో ఆ రాత్రి అంత బిగించింది ఎవరని అడిగితే మా బావమరిదిని షెడ్డుకి పంపండి. తాళం నేనే తీస్తాను. పడుకుని, అవతలి పక్కకి చూసి, వాడే అడగొచ్చు.