మూడో ప్రశ్న

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి భోజనాల బల్ల మీద కాఫీ కప్పు పెట్టుకోవడానికి కూడా చోటు లేదు. బల్లంతా సూట్‌కేసే ఆక్రమించింది. దాని చుట్టూ తిరుగుతూ అత్తగారు దోమల మందు, జ్వరం మాత్రలు, వాంతుల మాత్రలు మూడు సంచుల్లో సర్దుతోంది. కోడలు వాటన్నిటినీ ఒక సంచిలోకి మారుస్తోంది. అటు తిరిగి ఇటు చూసేలోపు అవి మళ్ళీ మూడు సంచుల్లోకి వెళ్ళిపోతున్నాయి.

కోడలు లైట్‌హౌస్ దీపాల శాఖలో ఇంజనీరు. ఎండా, వానా తప్ప మూడో కాలం ఎరగని దీవుల్లో పద్దెనిమిది రోజుల పని పడింది. గురువారం విమానం, అక్కణ్ణించి పడవలు. "దోమలు తప్ప భయపడాల్సిందేం లేదు" అని ఇంట్లో చెప్పింది. చెప్పేటప్పుడు భర్త మొహంలోకి చూడలేదు. అతనికి కళ్ళజోళ్ళ షాపు ఉంది. ఊళ్ళో వాళ్ళందరి చూపూ పరీక్షించే మనిషే గానీ, ఆ సంగతి గమనించలేదు.

"నీ ఫొటోలు ఈ ఆఫీసు కవర్లోనేగా పెట్టాల్సింది?" అన్నాడు అతను.

"వద్దులెండి, నేను పెడతాను," అంటూ ఆమె చెయ్యి చాపేలోపే లోపలి కాగితం అతని చేతిలోకి వచ్చింది.

చదువుతూ చదువుతూ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. 

"ఉద్యోగి బందీగా పట్టుబడిన పక్షంలో, ప్రాణాలతో ఉన్నట్టు నిర్ధారించుకునేందుకు అడగవలసిన మూడు ప్రశ్నలు," అని పైకి చదివాడు. "ఇవి దోమలు అడుగుతాయా?"

అత్తగారి చేతిలోంచి మాత్రల డబ్బా జారి కింద పడింది. ఎవరూ వంగి తియ్యలేదు.

ఇక దాచి లాభం లేదని కోడలు ఉన్నదంతా చెప్పేసింది. నిరుడు ఆ నీళ్ళ మీదే సముద్రపు దొంగలు ఇద్దరు ఉద్యోగుల్ని పట్టుకుపోయారు. నలభై రోజులకి వదిలారు. అప్పట్నించీ అటు వెళ్ళే ప్రతివాళ్ళ దగ్గరా ఈ కాగితం రాయించుకుంటున్నారు.

"వెళ్ళనని రాసిచ్చెయ్. ఇప్పుడే."

"అక్కడ రెండు దీపాలు ఆరిపోయి నాలుగు నెలలైందండీ. పోయిన నెల చీకట్లో పడవొకటి రాళ్ళకి కొట్టుకుని పదకొండుమంది పోయారు. ఆ పాతరకం దీపం విప్పి బిగించడం మా ఆఫీసులో నాకొక్కదానికే వచ్చు."

"మనింట్లో ఏడేళ్ళ పిల్ల ఉంది. సాయంత్రం స్కూల్నించి వచ్చి అమ్మేదని అడిగితే నేనేం చెప్పాలి?"

"నాకు భయం లేదనుకుంటున్నారా? వారం నుంచీ స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడుస్తున్నాను. ట్యాంకు రోజూ పొద్దున్నే ఎందుకు ఖాళీ అవుతోందని మీరు ప్లంబర్ని కూడా పిలిచారు."

అతనికి నవ్వు రాలేదు. "మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు గట్టిగా వద్దంటే ఆగిపోతానేమోనని. అసలు భయం అదే."

అతను తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వైనా చెప్పు. నీ మాటయితే వింటుంది."

వారం రోజులుగా కోడలు ఏం చేసినా తప్పు పట్టి, చెవిలో జోరీగలా సణిగిన మనిషి, ఇప్పుడు ఒక్క తప్పూ ఎత్తకుండా కాగితం అందుకుంది.

"రెండే రాశావేం అమ్మాయ్?"

"మూడోది తోచట్లేదు అత్తయ్యా. బయటివాళ్ళకి తెలియనిదై ఉండాలట. తలుచుకుంటే ధైర్యం రావాలట. ఈ కంగారులో నాకేమీ గుర్తు రావట్లేదు."

"అయితే రాసుకో. ఉద్యోగం పరీక్షకి ఎవరి చెప్పులేసుకుని వెళ్ళావు?"

కోడలు తలెత్తి అత్తగారిని చూసింది. ఆ మాట చెప్పకూడదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"ఏ చెప్పులు?" అన్నాడు అతను. "డాక్టరు మంచం దిగొద్దన్నా వినకుండా, ఎనిమిదో నెలలో, మనిద్దరికీ చెప్పకుండా వెళ్ళిందిగా ఆ పరీక్షకి?"

"ఒక్కతే వెళ్ళలేదురా. తీసుకెళ్ళింది నేను. దాని కాళ్ళు వాచిపోయి చెప్పులు పట్టలేదు. పరీక్ష హాలు గేటు దగ్గర నావి విప్పి ఇచ్చాను. ఆ రాత్రి నువ్వు చేసిన రభసకి జడిసి నేను నోరు మూసుకున్నాను. తిట్లన్నీ ఇదే తింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నా పేరు బయటపెట్టలేదు." ఆవిడ కొడుకు మొహంలోకి చూసింది. "దీన్ని ఈ ఉద్యోగంలోకి తోసిందే నేను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఆపమంటావు? రేపు దీనికేమన్నా అయితే నా బతుకెందుకు?"

కోడలు వెళ్ళి అత్తగారి పక్కన కూర్చుంది. ఏడెనిమిదేళ్ళ కిందటి కోపం తలుచుకుని అతనికి సిగ్గేసింది. తల దించుకుని కూర్చున్నాడు.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "సరే, మీ ఆఫీసువాళ్ళు ఫోన్లో అడిగారనుకో. చెప్పు. ఎవరి చెప్పులు?"

"మా అత్తగారివి."

"రంగు?"

"ఆకుపచ్చ. ఎడమదానికి పట్టీ తెగితే నీలంది వేయించారు. మీరు వట్టి కాళ్ళతో మూడు గంటలు ఆ ఎండలో..."  ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది.

"అలా ఏడుస్తూ చెబితే వాళ్ళకేం అర్థమవుతుంది? నువ్వు బతికున్నావని మాకెలా తెలుస్తుంది? మళ్ళీ చెప్పు." ఆవిడ మళ్ళీ అడగబోయింది గానీ ఏడుపొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అతను కుర్చీ దగ్గరికి జరుపుకుని భార్య చెయ్యి పట్టుకున్నాడు. అతని వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"ఎవరి చెప్పులు?" అని అడిగాడు.

ఆమె చెప్పింది. మధ్యలో గొంతు ఒక్కసారి తడబడింది.

"మళ్ళీ అడగండి," అంది.