అద్దం మీద నా చేతిరాత

మే నెలలో ఒక ఆదివారం. దక్షిణార్ధగోళంలో ఉన్న మా ఊళ్ళో చలి మొదలై గోధుమ విత్తనాలు వేసే రోజులు కావడంతో మామూలుగా వచ్చేవాళ్ళలో సగం మందే మైదానానికి వచ్చారు. యుద్ధకాలంలో విమానాలు దిగడానికి వేసిన పాత రన్‌వే అది. ముప్ఫై ఏళ్ళుగా మా ఊరి క్లబ్బు దాని మీద డ్రాగ్ రేసులు నడుపుతోంది. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. లైటు పచ్చబడగానే రెండు వందల మీటర్లు తిన్నగా దూసుకుపోతాయి. అంతే. ఇంతోటి దానికి అరవై మూడేళ్ళ మనిషి ఒళ్ళు విరగ్గొట్టుకోవడం ఏమిటని ఆస్పత్రిలో ఒక నర్సు నన్ను అడిగింది. నేను జవాబు చెప్పలేదు. దవడకి తీగలు కట్టి ఉన్నాయి.

ప్రమాదం డిసెంబరులో జరిగింది. నా నారింజరంగు టొరానా కారు చివరి గీత దగ్గర పక్కకి జారింది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే సరిపోయేది. తియ్యలేదు. తప్పు నాదే. కారు గోడని కొట్టి మూడు పల్టీలు వేసింది. నన్ను బయటికి లాగేసరికి గుండె ఆగిపోయిందట. నాలుగు నిమిషాల తర్వాత మళ్ళీ కొట్టుకుందట. ఎడమ కాల్లో ఇనప కడ్డీ, తుంటిలో ఆరు స్క్రూలు పెట్టుకుని, ఐదు నెలలు మంచం మీద గడిపి, వాకర్ పట్టుకుని మైదానానికి రావడం ఆ రోజే మొదటిసారి.

నేను ఆస్పత్రిలో ఉండగా క్లబ్బు వాళ్ళంతా కలిసి కారు బాగుచేశారు. సగం పని గార్త్ లవ్‌లాక్ ఒక్కడే చేశాడు. ముప్ఫై ఏళ్ళ స్నేహితుడు వాడు, చాలా మంచివాడు. అందుకే నాకు ఇంకా మండింది. "నువ్వు తిరిగొచ్చేదాకా నేను తోలుతాలేరా, ఇంజను పాడవకుండా," అన్నాడు. నేను తిరిగి తోలే ప్రశ్నే లేదని డాక్టరమ్మ చెప్పిన సంగతి వాడికీ తెలుసు.

కారు తోలడం కూడా ఓర్చుకునేవాణ్ణేమో. నోలీన్ చేతులే ఓర్వలేకపోయాను.

రేసుకి ముందు టైర్లను పొగలొచ్చేలా తిప్పి వేడెక్కిస్తాం. అప్పుడు కారు చాలా ముందుకి పోతుంది. మళ్ళీ వెనక్కి వచ్చి సరిగ్గా తన టైర్ల జాడలోనే నిలబడాలి. హెల్మెట్టూ బెల్టులూ బిగించుకున్నవాడు తల తిప్పలేడు. అందుకని ఎదురుగా ఒక మనిషి నిలబడి చేతులతో దారి చూపిస్తుంది. నాకు ఇరవై ఏడేళ్ళు నా భార్య నోలీన్ చూపించింది. ఆ పొగలో నాకు కనిపించేవి ఆమె రెండు అరచేతులే. వాటిని నమ్మి వెనక్కి వచ్చేవాణ్ణి. ఇప్పుడు అవే చేతులతో గార్త్‌కి దారి చూపిస్తోంది.

"ఎడమకి, ఎడమకి. కళ్ళు నెత్తికెక్కాయా గాడిద మొహమా," అని నవ్వుతూ అరిచింది వాడి మీద.

అది నా తిట్టు. ఐదు నెలలుగా నన్ను ఆ మాట అనలేదు. మాత్రలు వేసుకున్నావా, బాత్రూంకి వెళ్ళాలా, దుప్పటి కప్పనా, ఇవే మా ఇంట్లో మాటలు. పాపం, చాకిరీ అంతా ఆమే చేసింది. కానీ ఆ నవ్వు మాత్రం ఇంకొకడికి పోయింది. మడతకుర్చీలో కూర్చుని మాంసం కూరిన రొట్టె కొరుకుతూ, నా కడుపు మంటకి అది కూడా దిగక కాగితంలో చుట్టి పక్కన పెట్టేశాను.

మొదటి రేసు గార్త్ గెలిచాడు. నోలీన్ వాడి వీపు చరిచింది. నేనూ చప్పట్లు కొట్టాను, పళ్ళు బిగబట్టుకుని.

మా రేసుల్లో ఒక పద్ధతి ఉంది. నీ కారు ఎన్ని సెకన్లలో చేరుతుందో ముందే లెక్కగట్టి, తెల్ల బూటు పాలిష్‌తో కారు కిటికీ అద్దం మీద ఆ అంకె రాయాలి. నెమ్మది కారుని అంతమేరకు ముందు వదులుతారు. ఎవరు ముందు చేరితే వాళ్ళు గెలిచినట్టు. అయితే నువ్వు రాసిన అంకె కంటే వేగంగా పోయావంటే ఓడిపోయినట్టే. ఆ అంకె తోలేవాడే రాయాలి. ఇది పుస్తకంలో ఉన్న నిబంధన కాదు, మా పట్టింపు. ఒకసారి తన తమ్ముడు రాశాడని ఒకతను ఆ రోజు రేసే మానుకుని ఇంటికెళ్ళిపోయాడు. రాసిన చెయ్యే తోలుతుందని మావాళ్ళ నమ్మకం.

గార్త్ మూత్రానికి వెళ్ళాడు. నోలీన్ టీ తేవడానికి వెళ్ళింది. టొరానా నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. లేచి, వాకర్ నెట్టుకుంటూ వెళ్ళాను. వాడు పక్క అద్దం మీద 7.40 అని రాసుకున్నాడు. సరైన లెక్కే. రుమాలు మీద ఉమ్మేసి దాన్ని తుడిచేశాను. పాలిష్ సీసా తీసి 7.90 అని రాశాను. కారు ఎలాగూ ఏడున్నర లోపే పోతుంది, వాడు ఓడిపోతాడు, నా కుర్చీ పక్కన వచ్చి కూర్చుంటాడు. ఇంతకంటే నీచమైన పని నేను జన్మలో చెయ్యలేదు. అయినా చేస్తున్నంతసేపూ ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

సున్నా చుట్టడం అయిపోయింది. చెయ్యి ఇంకా అద్దం దగ్గరే ఉంది.

లోపలి వైపు అద్దం మసకబారింది. సరిగ్గా నా చెయ్యి ఉన్నచోట. కాస్త తగ్గింది... మళ్ళీ మసకబారింది. ఎవరో లోపల దగ్గరగా ముఖం పెట్టి ఊపిరి వదిలినట్టు. వంగి చూశాను. సీటు ఖాళీగా ఉంది. బెల్టులు వేలాడుతున్నాయి. పెట్రోలు వాసన, కాలిన రబ్బరు వాసన, వాటి కింద ఇంకోటి... రేసు ముందు నేను ఎప్పుడూ నోట్లో వేసుకునే పిప్పర్‌మెంటు వాసన. ఐదు నెలలుగా నేను పిప్పర్‌మెంటు ముట్టలేదు. మందుల ప్రభావమని నాకు నేనే సర్దిచెప్పుకుని కుర్చీలోకి వచ్చి పడ్డాను.

రెండో రేసు మొదలయ్యేసరికి పొద్దు వాలుతోంది. బెల్టులు బిగించుకునే హడావుడిలో గార్త్ అద్దం చూసుకోలేదు. లైటు పచ్చబడింది. ఆ ఇంజను నేను నా చేతులతో కట్టింది, దాని గొంతు నాకు తెలుసు. నిండుగా అరిచింది, ఎక్కడా తగ్గలేదు. ఆ అరుపుకి ఏడున్నర లోపే రావాలి. చివర ఉన్న బోర్డు వెలిగింది.

7.900.

చుక్క తేడా లేదు. మైకులో ఉన్నతను కేక పెట్టాడు. అంత కచ్చితంగా నడపడం నా జీవితంలో నాకే ఎప్పుడూ చేతకాలేదు. గార్త్ గెలిచి చివరి రేసుకి చేరాడు.

కారు దిగి వాడు తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. పక్కన కూర్చుని గ్లవ్స్ ఊడదీశాడు.

"పెడల్ కింద ఇంకో కాలుంది రా," అన్నాడు గుసగుసగా.

"ఏంటి నువ్వనేది?"

"నేను నేలదాకా తొక్కుతున్నాను. ఎవరో కింద నుంచి నా కాలు పైకి నెడుతున్నారు. స్టీరింగూ అంతే. నా చేతులు ఊరికే దాని మీద ఉన్నాయి." హెల్మెట్ ఒళ్ళోకి లాక్కున్నాడు. "నీ వాసన వచ్చింది డెస్. నేను ఇంక ఆ కారెక్కను."

నేనే అంకె మార్చానని చెప్పి ఉండాల్సింది. దాచాను. సిగ్గు వల్ల కాదు. లోపల ఇంకో మంట మొదలైంది. వాడి కాలిని నెట్టినవాడు ఎవడైతేనేం, నా సీట్లో కూర్చున్నాడు. నాకంటే బాగా తోలాడు.

చీకటి పడుతుండగా దీపాలు వేశారు. చలిగాలి మొదలైంది. చివరి రేసుకి పిలుపు వచ్చింది. గార్త్ తన ట్రక్కులో తల పట్టుకుని కూర్చున్నాడు, హెల్మెట్ వాడి ఒళ్ళోనే ఉంది. నోలీన్ కోసం చూశాను. కనపడలేదు.

అప్పుడు టొరానా ఇంజను స్టార్టయింది.

వాకర్ ఎత్తెత్తి వేస్తూ కంకర మీద పరిగెత్తాను, నాకు చేతనైన పరుగు. వెనక టైర్ల నుంచి తెల్లటి పొగ లేచింది. ఆ పొగలోంచి నోలీన్ కనిపించింది. రెండు చేతులూ పైకెత్తి, అరచేతులు కదుపుతూ కారుని వెనక్కి పంపుతోంది... కొంచెం ఎడమకి... ఇంకొంచెం... చాలు. పెళ్ళయిన కొత్తలో ఉన్నట్టుంది ఆమె మొహం.

అద్దం వెనక ఒక మనిషి. తలకి తెల్ల హెల్మెట్. ఆంబులెన్సు వాళ్ళు కత్తిరించి తీసిన నా హెల్మెట్, ఎక్కడా గీత కూడా లేకుండా. పక్క అద్దం మీద నేను రాసిన అంకె లేదు. కొత్తగా 7.38 అని ఉంది. పాలిష్ ఇంకా తడిగా కిందికి కారుతోంది. చేతిరాత నాది.

నేను రాయలేదు.

"నోలీన్," అన్నాను. "ఎవరది లోపల?"

ఆమె నా వైపు తిరిగింది. నన్ను పైనుంచి కిందికి చూసింది, వాకర్‌ని చూసింది. చిరాకు పడలేదు. అంత మర్యాదగా నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"కాస్త వెనక్కి జరుగుతారా? రబ్బరు ముక్కలు ఎగిరి కంట్లో పడతాయి."

"నేను డెస్‌ని... నోలీన్, నేనే..."

"ఒక్క నిమిషం అండీ. మా ఆయన రేసుకి లైన్లో ఉన్నాడు."

అని మళ్ళీ అటు తిరిగి, నవ్వి, చేత్తో ముద్దు విసిరింది. లోపలివాడు స్టీరింగ్ మీంచి రెండు వేళ్ళు ఎత్తాడు. నేను ఎత్తినట్టే.

భయం వేసిందా అంటే వేసింది. కానీ నిజం చెప్పాలంటే భయం కంటే అసూయే ఎక్కువ. వాడికి రెండు కాళ్ళున్నాయి. వాడికి ఆ నవ్వుంది. లైటు పచ్చబడి కారు దూసుకుపోతుంటే నేను మనస్ఫూర్తిగా కోరుకున్నాను, గోడకి కొట్టుకో అని. నా మీద నేనే కోరుకున్నాను. నేను జారిన చోటికి వచ్చేసరికి కారు కొంచెం పక్కకి ఊగింది. ఇంజను చప్పుడు తగ్గింది. వాడు కాలు తీశాడు.

అంతే. కాలు తీశాడు, కారు తిన్నబడింది, గీత దాటింది.

జనం ఈలలు వేశారు. ఎప్పటిలాగే గెలిచిన మనిషిని తీసుకురావడానికి నోలీన్ మా ట్రక్కు వేసుకుని రన్‌వే చివరికి వెళ్ళింది. ఎంతసేపు చూసినా తిరిగి రాలేదు. ట్రక్కూ లేదు, కారూ లేదు. ఒక్కొక్కరే సామాను సర్దుకుని పోతున్నారు. పలకరించబోతే తల ఊపి పక్కకి తప్పుకున్నారు. నా మొహం చూడలేక అలా చేస్తున్నారనుకున్నాను.

గార్త్ తన ట్రక్కు తలుపు తీసి నన్ను ఎక్కించాడు. వాకర్ మడిచి వెనక పెట్టాడు. ఊరు దగ్గరపడ్డాక నా వైపు తిరిగాడు.

"మిమ్మల్ని ఎక్కడ దించమంటారు?"

వెటకారమనుకున్నాను. ముప్ఫై ఏళ్ళుగా ఒరేయ్ అనేవాడు మీరు అంటే ఇంకేమనుకుంటాం? అంకె మార్చింది నేనేనని కనిపెట్టేశాడు కాబోలు, కోపంగా ఉన్నాడు అనుకున్నాను. మా ఇంటి ముందు ఆపమన్నాను. "ఓ, డెస్ వాళ్ళ చుట్టాలా," అన్నాడు తనలో తాను. నన్ను గేటు దగ్గర దించి, జాగ్రత్త అండీ అని చెప్పి వెళ్ళిపోయాడు. వాడి గొంతులో కోపం లేదు.

కిటికీల్లో దీపాలు వెలుగుతున్నాయి. షెడ్డులో టొరానా ఉంది, బానెట్ ఇంకా వెచ్చగా టిక్కుటిక్కుమంటోంది. గుమ్మం దగ్గరికి వెళ్ళి ఆగిపోయాను. నేను ఆస్పత్రి నుంచి వచ్చేముందు క్లబ్బువాళ్ళు కట్టిన చెక్క ర్యాంపు అక్కడ లేదు. పాత మూడు మెట్లే ఉన్నాయి. వాటిని కూర్చుని, వెనక్కి జరుగుతూ, ఒక్కొక్కటే ఎక్కాను. తలుపు తట్టాను. నా ఇంటి తలుపు నేను తట్టడం అదే మొదటిసారి.

నోలీన్ తీసింది. నన్ను చూసి అయ్యో అంది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టింది.

"మైదానం దగ్గర కనిపించారు కదా మీరు. ఈ కాలుతో ఇంత దూరం ఎలా వచ్చారు? మీవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఎవరికి ఫోన్ చెయ్యమంటారు?"

నీకే అందామనుకున్నాను. ఆమె కళ్ళలోకి చూశాను. అక్కడ నటన లేదు. ఐదు నెలలు నన్ను ఎత్తి, దించి, తుడిచిన అలసట లేదు. కంటి కింద ఉండే నల్లటి చారలు లేవు. హాయిగా ఉంది ఆ మనిషి. నేను నోరు తెరిస్తే ఆ హాయి పోతుందని తెలిసింది. అయినా తెరిచాను. ఊరుకునే రకాన్ని కాదు నేను.

"నోలీన్, నేను నీ మొగుణ్ణి."

ఆమె బెదిరిపోయి ఒక అడుగు వెనక్కి వేసింది. నా మీద నుంచి చూపు తియ్యకుండానే తల కాస్త పక్కకి తిప్పి, లోపలికి వినపడేలా అంది, "డెస్, ఒకసారి ఇలా రావా. ఎవరో పెద్దాయన, దారి తప్పినట్టున్నాడు."

లోపల నీళ్ళ చప్పుడు ఆగింది.

వాకర్ పట్టేంత వెడల్పు లేదని మా బాత్రూం తలుపు గార్త్ జనవరిలోనే ఊడదీసి చెత్తకి వేసేశాడు. అప్పటినుంచి అక్కడ ఉన్నది ఒక పరదా మాత్రమే. నేను కూర్చున్న చోటినుంచి ఆ పరదా నాకు కనిపిస్తూనే ఉంది, కదలకుండా వేలాడుతోంది. దాని వెనక ఎవరో ఆ ఊడదీసిన తలుపు గడియ తీస్తున్న చప్పుడు వినిపిస్తోంది.